సినిమాలో లేని రొట్టె

రోక్కాఫోస్కాలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, అర్కాంజెలా నోరు. ఇంకా చుక్కలు ఉండగానే నల్ల శాలువా కప్పుకుని సందు సందూ తిరిగేది. ఆ పూట రొట్టెల వంతు ఎవరిదో వాళ్ళ తలుపు తట్టి, "ఒసే రొసారియా, పిండి కలుపు! మొగుణ్ణి తర్వాత లేపుదువుగాని, పులిసిన పిండి నీకోసం కాచుక్కూర్చోదు!" అని కేకేసేది. లోపల్నుంచి ఎవరైనా విసుక్కుంటే, "పడుకో తల్లీ, హాయిగా పడుకో. రేపు నీ పిల్లలకి దిండు కోసి పెడుదువు" అని సాగిపోయేది. ఆ నోటికి జడవని ఆడది ఊళ్ళో లేదు. ఆ చేతి వాసికి దండం పెట్టని ఆడదీ లేదు.

ఊరంతటికీ రొట్టెల బట్టీ అదొక్కటే. అర్కాంజెలా తాత విటోమికేలే నాటి నుంచీ ఆ ఇంటి చేతిలోనే ఉంది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా, మొగుడు పోయి ఇరవై ఏళ్ళయినా, పొడుగు కర్ర పలకతో రొట్టెలు లోపలికి తోసే పని ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. మంట సెగకి కనుబొమలు ఎప్పుడో పోయాయి. ముంజేతుల మీద కాలిన మచ్చలు. కొడుకు కానియో కట్టెలు కొట్టుకొచ్చేవాడు, అంతే. "మగాడు బట్టీ దగ్గరుంటే రొట్టె మాడుతుంది, లేకపోతే మాటలు మాడతాయి" అనేది.

ఒక వాయిలో సగం ఊరి రొట్టెలు కాలతాయి కదా, ఎవరివి ఎవరివో తెలియాలంటే ముద్ర ఉండాలి. అందుకే ఇంటికో కొయ్యముద్ర. పచ్చి పిండి మీద గట్టిగా అద్దితే కాలాక కూడా చెరగదు. రొసారియా వాళ్ళది తాళంచెవి. చర్మాలవాళ్ళది పొట్టేలు తల. అర్కాంజెలా వాళ్ళది ఒంటికాలెత్తిన కోడిపుంజు. ముత్తాత చెక్కిన ముద్ర అది. తోకలో మధ్య ఈక ఎప్పుడో విరిగిపోయి అక్కడ బోసిగా ఉండేది. కొత్తది చేయిద్దామని కానియో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "బోసితోక ఉంటేనే మనది. లేకపోతే ఏ కోడైనా ఒకటే" అంది.

ముద్ర లేని ఇల్లు ఊళ్ళో ఒక్కటే ఉంది. లోయ అంచున, మేకల దొడ్లు దాటాక, తరంతా అన్న ఇంటిపేరువాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఇక మిగిలింది సబేత్తా ఒక్కతే. అర్కాంజెలా ఈడుదే.

ఆ కథ మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఇటలీ అంతా ఒకే రాజ్యం అయిందని పైనుంచి చాటింపు వచ్చిన కొత్తల్లో, ఉత్తరాన పియెమోంతే నుంచి సైన్యం దిగింది. కొత్త రాజు, కొత్త పన్ను, పెళ్ళికావాల్సిన కుర్రాళ్ళని సైన్యంలోకి పట్టుకుపోయే కొత్త చట్టం. అర్కాంజెలా తాతకి అన్న కొలాతోన్నో తుపాకీ తీసుకుని అడవెక్కాడు. బందిపోటు అన్నది వాళ్ళు పెట్టిన పేరు. మాకు ఆయన కొలాతోన్నోయే. రెండేళ్ళు సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టాడు. చివరికి ఆయన్ని పట్టించింది రొట్టె. ఏడ్చే పసిబిడ్డలకి పట్టే గసగసాల కాయల కషాయంతో ఎవరో పిండి తడిపారు. ఆ రొట్టె తిని గుహలో మొద్దునిద్ర పోతున్న మనిషిని సైనికులు నిద్రలోనే కాల్చేశారు.

ఆ కషాయం కాచేది ఊళ్ళో మంత్రసాని, తరంతా వాళ్ళ ఇంటిది. ఆ వారం ఆవిడ అడవివైపు వెళ్ళడం చూశామని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. బట్టీ గుమ్మం ముందు వాళ్ళ కొయ్యముద్రని గొడ్డలితో రెండు ముక్కలు చేశారు. అప్పట్నుంచీ ఆ ఇంటి పిండి బట్టీ ఎక్కలేదు, ఆ ఇంటికి పిల్లనిచ్చినవాళ్ళు లేరు, ఆ ఇంటి కుండలో నీళ్ళు తాగినవాళ్ళు లేరు. బూడిదలో కాల్చుకున్న రొట్టెలు తిని బతికారు. యుద్ధం ఏళ్ళలో ఒకసారి సబేత్తా శాలువా కింద పిండిముద్ద దాచుకుని వచ్చింది. ఎక్కడో దూరపు ఊరినుంచి తెచ్చుకున్న మొగుడు మంచంలో ఉన్నాడు, బట్టీ రొట్టె తినాలని ఉందన్నాడట. అర్కాంజెలా వెనక మంట భగభగ మండుతూనే ఉంది. "బట్టీ ఆరిపోయింది" అంది. సబేత్తా ఆ మంట వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మొగుడు ఆ వారమే పోయాడు. దాని గురించి అర్కాంజెలా ఎన్నడూ బాధపడలేదు. పడాలని ఎవరూ అనుకోనూ లేదు.

ఇలా ఉండగా అరవై ఒకటో సంవత్సరం వచ్చింది. ఇటలీ ఒక్కటై నూరేళ్ళు. మేయరు వీధుల్లో మూడు రంగుల జెండాలు కట్టించాడు. బడిపిల్లలు రాగాలు తీస్తూ పాటలు నేర్చుకుంటున్నారు. నీళ్ళ గొట్టాలు వేయిస్తామన్న మాట మాత్రం గొట్టాల్లేకుండానే ప్రవహిస్తోంది.

అప్పుడు ఆ పియెమోంతేలోని టురిన్ నుంచే ఒక మనిషి వ్యానులో దిగాడు. పేరు ఎవాసియో. సన్నగా, కళ్ళద్దాలతో, తలుపు తగిలినా తలుపుకి క్షమాపణ చెప్పే రకం. పాత రీళ్ళు, పాత ఫోటోలు పోగుచేసి ఈ నూరేళ్ళ మీద ఒక సినిమా కట్టాడట. రాజుల ఊరేగింపులు, ఓడలెక్కే జనం, యుద్ధానికి పోయే కుర్రాళ్ళు, అన్నీ ఉన్నాయట. దాన్ని పట్నాల్లో చూపించేముందు మాలాంటి ఊళ్ళలో చూపిస్తూ తిరుగుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఆట అని పాదిరి దోన్ లిబోరియో చాటించాడు.

గురువారం నాడు పాదిరి బట్టీ దగ్గరికొచ్చాడు. "అర్కాంజెలా, ఆ టురిన్ ఆయన దగ్గర మీ కొలాతోన్నో ఫోటో ఉందట. చచ్చిపోయాక తీసిందట. ఇంటివాళ్ళు ఎవరైనా చూసి అవునో కాదో చెప్పాలంటున్నాడు."

"నేను పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందు పోయిన మనిషి. నేనేం గుర్తుపడతాను దోన్ లిబోరియో?"

"మీ నాన్న పోలికలుంటాయేమో చూడు. వెళ్ళు, పుణ్యముంటుంది."

వెళ్ళింది. హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. పాదిరి ఎవరికో చివరి మంత్రాలు చదవాలని వెళ్ళిపోయాడు. ఎవాసియో కుర్చీ వేసి, "అమ్మా, ఏమనుకోకండి, చూడ్డానికి కాస్త కష్టంగా ఉంటుంది" అన్నాడు.

"నలుగుర్ని కని ముగ్గుర్ని మట్టిలో పెట్టినదాన్ని దొత్తోరే. వెయ్యి నీ బొమ్మ." చదువుకున్నవాడెవడైనా మా ఊళ్ళో దొత్తోరేయే.

ముందు పదకొండో సంవత్సరం నాటి ముక్క వచ్చింది. ఏభయ్యేళ్ళ పండగ అప్పుడు. మా ఊరి చావడే! బ్యాండు మేళం గబగబా నడుస్తోంది. అమ్మాయిల గుంపు నవ్వుతూ తెర మీదికి తోసుకొచ్చింది. అందులో ఒక పొడుగాటి పిల్ల, కనుబొమలు నల్లగా, నోరంతా తెరిచి నవ్వుతోంది. "ఓరి నాయనోయ్, అది నేనే!" అని అర్కాంజెలా కుర్చీలోంచి లేచిపోయింది. ఎవాసియో మురిసిపోయాడు. ఆ కాసేపు ఆవిడకి నిజంగానే పద్దెనిమిదేళ్ళయ్యాయి.

తర్వాత ఫోటో వచ్చింది. కదలని బొమ్మ. దాని మీద కెమెరా మెల్లగా పాకుతోంది. శవాన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టారు, చేతుల్లో తుపాకీ పెట్టి, బతికున్నవాడిలా. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. నాన్న ముఖమే. సందేహం లేదు. అర్కాంజెలా శిలువ గుర్తు వేసుకుంది. కెమెరా ఛాతీ మీది గుండు గాయం దాటింది. చేతులు దాటింది. కాళ్ళ దగ్గర ఆయన సంచి, సామాను పరిచి పెట్టారు, వేటాడిన జంతువు పక్కన వేటగాడు చూపించుకున్నట్టు. చాకు, మందుగుండు బుడ్డి, పక్కన సగం కోసిన రొట్టె. కెమెరా అక్కడికొచ్చి ఆగింది.

రొట్టె మీద ఒంటికాలెత్తిన కోడిపుంజు ఉంది. తోకలో మధ్య ఈక లేదు.

అర్కాంజెలా కళ్ళు మూసుకుని తెరిచింది. కోడిపుంజు అక్కడే ఉంది, తెర నిండా, మంచమంత పెద్దదిగా.

"ఆ రొట్టె మీద ఏదో గుర్తున్నట్టుంది, చూశారా అమ్మా? పువ్వా?" అన్నాడు ఎవాసియో.

"పగులు," అంది ఆవిడ. "వేడెక్కువైతే పైన అలాగే పగుల్తుంది."

ఇల్లు చేరి బట్టీ అరుగు మీద కూలబడింది. తాత విటోమికేలే కళ్ళముందుకొచ్చాడు. అన్నానికి కూర్చున్న ప్రతిసారీ ఆ ముసలాయన రొట్టె పైభాగం, ముద్ర ఉన్నంతమేర, చాకుతో గుండ్రంగా కోసి కోళ్ళకి వేసేవాడు. ఎందుకు తాతా అంటే, పళ్ళు లేవే తల్లీ అనేవాడు. పళ్ళన్నీ ఉండగానే పోయాడు ఆయన. బట్టీ ఎలా వచ్చింది మనకి? పేదవాడని కొత్త సర్కారు జాలిపడి ఇచ్చిందన్నారు. ఊళ్ళో పేదవాళ్ళకి కరువా? కొలాతోన్నో పోయిన ఏడాదే ఎందుకిచ్చింది? అడవిలో ఉన్నవాడు ఎవరు పెట్టినా తినేవాడు కాదట, తమ్ముడు పంపిందే తినేవాడట. ఈ మాట కూడా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్ళే! మంత్రసాని అడవివైపు వెళ్ళడం చూశామన్నది ఎవరో ఇప్పుడు అర్కాంజెలాకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ ముందుగా ఎదుటివాడి భుజం తడిమాడు, అంతే.

ఇక ఆదివారం. ఊరంతా హాల్లో ఉంటుంది. ఆ పుంజుని గుర్తుపట్టని కళ్ళు ఊళ్ళో ఒక్క జత కూడా లేవు. ఎవరూ అరవరు. అదే భయం ఆవిడకి. అందరూ మెల్లగా తలలు తిప్పి చూస్తారు. సోమవారం తలుపు తడితే ఎవరూ పలకరు. కానియో ఏమైపోతాడు? కొలాతోన్నో రక్తం అని రొమ్ము విరుచుకు తిరిగేవాడు. వాడికి తండ్రి లేకపోయినా ముత్తాతకి అన్న ఉన్నాడు. ఆయన్నీ తీసేస్తే వాడి దగ్గర ఏం మిగులుతుంది?

కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. మరి సబేత్తా? ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, గుమ్మంలో నిలబడింది. "నూరేళ్ళు గడిచిపోయాయి. దానికి పిల్లా జెల్లా లేరు. ఇంకెన్నాళ్ళు బతుకుతుంది?" అని పైకే అనుకుని అర్కాంజెలా ఆ తలుపు మూసేసింది.

మర్నాడు ఎవాసియో దగ్గరికి వెళ్ళింది.

"దొత్తోరే, మా దగ్గర రొట్టె అంటే క్రీస్తు ముఖం. నేలమీద పడితే ముద్దుపెట్టుకుని తీస్తాం. బల్లమీద బోర్లా పెట్టినా తప్పే. అలాంటిది శవం కాళ్ళ దగ్గర రొట్టె చూపిస్తే ఊరికి అరిష్టం. ఆడవాళ్ళు లేచి పోతారు. ఆ ముక్క తీసెయ్యి బాబూ."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదీ దాని అందం. ఎవాసియో ముఖం వెలిగిపోయింది. ఇలాంటి ఆచారాల కోసమే తను ఊళ్ళు తిరుగుతున్నాడట. "మీరు చెప్పకపోతే ఎంత పొరపాటు జరిగేది! మావాళ్ళు నూరేళ్ళుగా మీకు చేసిన అవమానాలు చాలవా అమ్మా? ఈయన్ని బందిపోటు అన్నారు. ఈయనా ఒక మనిషేనని, నిద్రపోతుంటే చంపారని చూపించాలనే నా తాపత్రయం. రొట్టెదేముంది, పోనీండి." కత్తెర తీసి ఆ ముక్క కోసి, అటూ ఇటూ అతికించేశాడు. తెగిన ముక్క ఇమ్మంటే ఇచ్చాడు.

జేబులో పెట్టుకొచ్చి బట్టీలో వేసింది. ముడుచుకుని, కంపుకొడుతూ కరిగిపోయింది.

ఎన్నేళ్ళ తర్వాతో ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికలోనే సాయంత్రం ఊటనీళ్ళ దగ్గర సబేత్తా కనిపిస్తే పలకరించేసింది. అలా పలకరించడం ఊళ్ళో ఎవరూ చెయ్యరు. సబేత్తా గాడిద మీద కుండలు, డబ్బాలు, పాత పాలక్యాను కూడా ఎక్కించి నీళ్ళు నింపుతోంది.

"ఎందుకే అన్ని నీళ్ళు? ఒంటిదానివి, చాకిరేవు పెట్టావా?"

సబేత్తా చెయ్యి ఆపలేదు. "జెండాలు కడుతున్నారుగా" అంది.

అదేం జవాబో అర్కాంజెలాకి అర్థం కాలేదు. ముసల్ది, మతి పోయింది అనుకుని నడిచింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మేయరు నాలుగు ముక్కలు మాట్లాడి, జిల్లా కేంద్రంలో పెద్ద ఊరేగింపు ఉందని పోలీసు మార్షల్‌ని కూడా తన కార్లోనే ఎక్కించుకుపోయాడు. దీపాలు ఆరాయి. రాజు గుర్రమెక్కి వెళ్తుంటే ఎవరో వెనకనుంచి, "ఆ గుర్రం కూడా మా పన్నుల గడ్డే తింది" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఓడలెక్కే జనాన్ని చూసి ముసలమ్మలు ముక్కులు చీదారు. పదకొండో సంవత్సరం ముక్క రాగానే పేర్లు పెట్టి పిలుచుకుంటూ చప్పట్లు కొట్టారు.

తర్వాత కొలాతోన్నో తెర మీదికొచ్చాడు.

కెమెరా ముఖం మీంచి గాయం మీదికి, చేతుల మీదికి, చాకు మీదికి దిగింది. మళ్ళీ ముఖం. రొట్టె లేదు. "ఈయన నిద్రపోతున్నాడు" అంటోంది సినిమాలో గొంతు. "నిద్రలోనే చంపి, కూర్చోబెట్టి, బొమ్మ తీశారు." మొదట ఒక ముసలావిడ రాగం తీసి ఏడ్చింది. తర్వాత హాలంతా. ఇళ్ళల్లో శవం ఉన్నప్పుడు ఏడ్చే ఏడుపు అది, నూరేళ్ళు ఆలస్యంగా. కానియో లేచి నిలబడ్డాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ చీకట్లో ఎవరిదో గొంతు, మెల్లగా, మామూలుగా అడిగింది: "మరి నిద్రపుచ్చిందెవరు?"

ఆ ప్రశ్నకి ఊరికి ఒకే జవాబు తెలుసు.

దీపాలు వెలిగాక ఎవాసియో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. తన సినిమా జనం గుండెల్ని తాకింది కదా! సాయంత్రానికి పక్క ఊళ్ళో ఆట ఉందని వ్యానెక్కి కొండ దిగిపోయాడు. అగ్గిపుల్ల గీసినవాడు దాటిపోయాడు.

మగవాళ్ళు సారాయి కొట్టు చేరారు. ఇటలీ మీద కోపం వచ్చింది వాళ్ళకి, న్యాయమైన కోపమే. కానీ ఇటలీని ఎక్కడికెళ్ళి కొడతారు? దానికి గుమ్మమెక్కడ? పింఛను ఇచ్చేదీ అదే, పోస్టు తెచ్చేదీ అదే. టురిన్ రైల్లో పోయినా ఒక రోజు పైన. సబేత్తా ఇల్లు కూతవేటు దూరం. అత్త మీద కోపం దుత్త మీద చూపడానికి ఇంతకంటే వీలైన దుత్త దొరకదు.

బట్టీ వెనక కట్టెల దొంతి కదిలిన చప్పుడైతే అర్కాంజెలా బయటికొచ్చింది. కానియో ఎండుపొదల మోపులు లాగి నలుగురి భుజాలకెత్తుతున్నాడు.

"ఎక్కడికిరా అవి?"

"లోపలికి పో అమ్మా."

"ఎక్కడికంటే?"

"పొగ పెడతాం. ఎలకని కన్నంలోంచి తోలినట్టు తోలేస్తాం. ఈ రాత్రి ఊళ్ళో అది ఉండకూడదు. చూశావుగా ఆయన ముఖం? మీ నాన్న ముఖం కాదూ అది?"

వాడు వెళ్ళిపోయాడు. ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది. ఊరుకుంటే అయిపోతుంది. పొగ పెడతారు, ముసల్ది ఎటో పోతుంది, కథ ముగుస్తుంది, కోడిపుంజు గూట్లోనే ఉంటుంది. అంతా తను కోరుకున్నట్టే. కాళ్ళు మాత్రం వినలేదు. శాలువా కూడా లేకుండా ఉరికింది.

ఆవిడ చేరేసరికి కిటికీ తలుపు మీద రాళ్ళు పడుతున్నాయి. మోపులు గుమ్మం ముందు పేర్చేశారు. ఊరు సగం అక్కడే ఉంది, ఆడవాళ్ళతో సహా. అర్కాంజెలా జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయి మోపుల ముందు నిలబడింది.

"ఆపండర్రా! ఆ రొట్టె వీళ్ళది కాదు. మాది! మా తాత పంపాడు. సొంత అన్నకి, కషాయం కలిపి!"

ఎవరో నవ్వారు.

"అర్కాంజెలత్తకి జాలి పుట్టిందిరోయ్" అన్నాడు ఒకడు.

"జాలి కాదురా వెధవా! నా కళ్ళతో చూశాను. ఫోటోలో ఉంది రొట్టె. దాని మీద మా పుంజు ఉంది, బోసితోకతో సహా!"

"ఏ ఫోటోలో అమ్మా?" కానియో దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు, పిచ్చిదానితో మాట్లాడినట్టు. "మేమంతా చూశాం కదా. చాకుంది, తుపాకీ ఉంది. రొట్టె ఎక్కడుంది?"

"కోయించేశాను. నేనే. బట్టీలో వేసి కాల్చేశాను."

"కాల్చేసిందట!" రొసారియా చేతులు తిప్పింది. "ఉన్నదాన్ని కాల్చిందట, లేనిదాన్ని నమ్మాలట!"

"టురిన్ ఆయన్ని అడగండి! ఆయన చేత్తోనే కోశాడు!"

"పియెమోంతేవాడి మాట నమ్మాలా మేము?" అని వెనకనుంచి అరిచారు. "కొలాతోన్నోని చంపినవాళ్ళ సాక్ష్యమా?" దాంతో గుంపంతా గొంతు కలిపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అర్కాంజెలాకి పట్టుకోవడానికి ఆకు కూడా లేదు. నలభై ఏళ్ళు ఈ ముఖాలన్నిటికీ తను రొట్టెలు కాల్చి పెట్టింది. ఒక్క ముఖం కూడా ఆవిడ మాట వినడం లేదు.

అప్పుడు ఆవిడ వెనకనున్న తలుపు గడియ తీసిన చప్పుడైంది. సబేత్తా తలుపు జానెడు తెరిచి, అర్కాంజెలా ముఖంలోకే చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

"నిజమే చెబుతున్నావు" అంది. "మా ముత్తవ్వ కూడా ఇదే మాట చెప్పింది, మీ బట్టీ గుమ్మం ముందు. మా అవ్వ చెప్పింది. మా అమ్మ చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పావు. చూశావుగా, ఎలా ఉంటుందో."

ఎవరో అగ్గి అంటించారు. ఎండు పొద కదా, ఒక్కసారిగా చిటపటలాడింది. కానియో తల్లి చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆవిడ విదిలించుకుంది. వాడేదో అనేలోపు మోపుల పక్కనున్న సందులోంచి ఆ తలుపులోకి దూరి, వెనక గడియ పెట్టేసింది. నూరేళ్ళలో ఊళ్ళోవాళ్ళెవరూ తొక్కని గుమ్మం అది.

"అమ్మా!" బయట కానియో తలుపు బాదుతున్నాడు. "అమ్మా, తలుపు తియ్యి! ఒరేయ్, మా అమ్మ లోపలుందిరా, ఆర్పండ్రా!"

"ఆ గుమ్మం తొక్కింది మన మనిషెలా అవుతుంది?" అంది ఒక ఆడగొంతు. రొసారియాది.

లోపల ఒకటే గది. గోడ వెంట నీళ్ళ కుండలు, డబ్బాలు, పాలక్యాను వరసగా ఉన్నాయి. సబేత్తా గోనెపట్టాలు తడిపి తలుపు కింద సందులో కూరుతోంది. ఏది ముందో ఏది తర్వాతో చేతులకి తెలుసు.

"ఇది మొదటిసారి కాదా?" అంది అర్కాంజెలా.

"దేశానికి పండగ వచ్చినప్పుడల్లా మా ఇంటికొస్తారు. ఏభయ్యేళ్ళప్పుడూ వచ్చారు. మా అమ్మ జుట్టు కాలింది." సబేత్తా ఇంకో గోనె తడిపింది. "నువ్వూ వచ్చావు ఆ రోజు. పద్దెనిమిదేళ్ళదానివి. కట్టెల మోపు మోసుకొచ్చి నవ్వుతూ పడేశావు. నేను కిటికీలోంచి చూశాను."

అర్కాంజెలాకి ఆ సాయంత్రం గుర్తుంది. పండగ మంట అనుకుంది అప్పుడు. అందరూ నవ్వుతున్నారు, తనూ నవ్వింది. ఏదో అనాలని నోరు తెరిచింది. ఒక్క మాట కూడా రాలేదు. ఊరంతటినీ లేపిన నోరు అది.

గోనెల పైనుంచి తెల్లటి పొగ సన్నగా లోపలికి రాసాగింది. బయట కానియో ఇంకా అరుస్తూనే ఉన్నాడు. వాడి గొంతు మిగతా గొంతుల్లో కలిసిపోతోంది.

"ఆ మూల కూర్చో" అంది సబేత్తా, ఒక తడిగుడ్డ ఆవిడ చేతికిస్తూ. "పొగ అక్కడికి ఆలస్యంగా వస్తుంది."

అర్కాంజెలా వెళ్ళి ఆ మూల కూర్చుంది.